లైన్ అన్న మాటకు మా ఇంట్లో ఉన్న అర్థాలు

ఏటా ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెప్పేటప్పుడు ఒక రోజు ఒక ఆట ఆడిస్తాను. బోర్డు మీద ఒక మాట రాసి, దానికి ఎన్ని అర్థాలు తెలుసో చెప్పమంటాను. నేను రాసేది ఎప్పుడూ ఒకటే మాట, లైన్. నోటుబుక్కులో గీత లైన్. ప్రార్థనకు నిలబడితే లైన్. ఫోన్ కలవకపోతే లైన్ బిజీ. పాటలో ఒక ముక్క లైన్. సినిమా కథను రెండు మాటల్లో చెబితే అదీ లైనే. వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు "లైన్ వేయడం" అని గొణుగుతారు, మిగతావాళ్ళు పుస్తకాల వెనక మొహాలు దాచుకుంటారు. నేను చాక్‌పీసు విసురుతాను. గురి తప్పదు. నాకు కోపం ఎక్కువని స్కూల్లో అందరికీ తెలుసు. హెడ్మాస్టరు గారు కూడా నాతో మాట్లాడే ముందు ఒకసారి గొంతు సవరించుకుంటారు.

కరెంటు లైన్ సంగతి ఎవరైనా చెబుతారేమోనని చివరిదాకా చూస్తాను. తప్పకుండా చెబుతారు. "కరెక్ట్" అని దాన్ని కూడా రాసి, వెంటనే డస్టరు తీసుకుని బోర్డంతా తుడిచేస్తాను.

జరిగింది ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో బయటపెట్టే ఓపిక నాకు లేదు. మా అన్నయ్య లైన్‌మేన్. మా నాన్న రొయ్యల చెరువు మీద కాపలా. అన్నయ్య స్తంభం మీద ఉండగా నాన్న జనరేటరు ఆన్ చేశాడు. అన్నయ్య కుడిచేయి మోచేతి కింది నుంచి తీసేశారు. ఆ తర్వాత మేము కాపాడుకోవలసి వచ్చింది అన్నయ్యను కాదు, నాన్నను.

మా ఊరు భీమవరానికి దిగువన, సముద్రం వైపు. నా చిన్నప్పుడు అంతా వరి. ఇప్పుడు చూపు ఆనినంత దూరం చెరువులే. ప్రతి చెరువులోనూ నీళ్ళు చిమ్ముతూ చక్రాలు తిరుగుతుంటాయి, వాటిని ఏరేటర్లంటారు. రొయ్యకు నీళ్ళలో గాలి అందాలంటే అవి ఆగకూడదు. కరెంటు పోయి కాసేపయితే రొయ్య పైకి తేలుతుంది. ఇంకాసేపటికి గట్టు వారన తెల్లగా మేట వేస్తుంది. అందుకని ప్రతి చెరువుకూ ఒక జనరేటరు ఉంటుంది. అందుకనే మా వైపు కరెంటు పోతే మొదట తిట్లు తినేది లైన్‌మేన్.

అన్నయ్య తిన్నది తిట్లే కాదు. ఒకసారి గాలివాన తర్వాత కరెంటు ఆలస్యమైందని ఒక చెరువు తాలూకు మనుషులు స్తంభానికి కట్టేసి కొట్టారు. పెదవి పగిలి ఇంటికొచ్చాడు. ఏమైందని వదిన అడిగితే, "నిచ్చెన జారింది" అన్నాడు. అసలు సంగతి నాకు మర్నాడు బజార్లో తెలిసింది. కత్తిపీట పట్టుకుని బయల్దేరితే అన్నయ్యే నా రెక్క పట్టుకుని ఇంట్లోకి లాగాడు. "వాళ్ళ రొయ్యలు పోయాయమ్మా, ఆ మంట మీద ఉన్నారు, వదిలెయ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పుట్టినప్పటి నుంచి ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి అన్నయ్య. మా ఇద్దరికీ రావలసిన కోపమంతా నేనొక్కదాన్నే పట్టుకొచ్చానని అమ్మ ఉన్నన్నాళ్ళూ దెప్పేది.

లైన్‌మేన్ ఇంట్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుంది. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ లైన్ ఆపమనాలి. వాళ్ళు ఆపి, "లైన్ క్లియర్" అని చెప్పాకే ఎక్కాలి. దాన్ని ఎల్సీ అంటారు. మా ఇంట్లో అది ఊతపదమైపోయింది. అన్నయ్య కూర రుచి చూద్దామని వంటగదిలోకి తొంగిచూస్తే వదిన గరిటె అడ్డం పెట్టి, "ఎల్సీ తీసుకున్నారా?" అనేది. తీసుకోలేదని అన్నయ్య వెనక్కి తిరిగితే నాన్న పడీపడీ నవ్వేవాడు.

జనరేటరు సంగతి కూడా చెప్పాలి. దానికీ కరెంటు లైన్‌కూ మధ్య చేంజోవర్ అని ఒక హ్యాండిల్ ఉంటుంది. అది ఒక పక్కకు వేస్తే కరెంటు, ఇంకో పక్కకు వేస్తే జనరేటరు. రెండూ కలిసే వీలుండదు. నాన్న కాపలా కాసే చెరువు మీద ఆ చేంజోవర్ ఉప్పుగాలికి తుప్పుపట్టి కాలిపోయింది. కొత్తది పెట్టిస్తానని చెరువు ఆసామి అంటూనే ఉన్నాడు. ఈలోగా మెకానిక్కు వైర్లు నేరుగా కలిపేసి నాన్నకు ఒక పద్ధతి నేర్పి వెళ్ళాడు. ముందు స్తంభం మీది డబ్బాలో మూడు ఫ్యూజులూ పీకాలి. ఆ తర్వాతే జనరేటరు ఆన్ చెయ్యాలి. మా వైపు చాలా చెరువుల మీద ఇదే పద్ధతి. నాన్న పీకిన ఫ్యూజులు చొక్కా జేబులో వేసుకునేవాడు. ఒక్కోసారి మరిచిపోయి అలాగే ఇంటికొచ్చి, మళ్ళీ సైకిలెక్కి పరిగెత్తేవాడు.

అన్నయ్యకు ఈ సంగతి తెలుసు. "అది లేకుండా నడపొద్దు నాన్నా, ఎవడో ఒకడు చచ్చిపోతాడు" అని రెండు మూడు సార్లు అన్నాడు. "ఆయ్, చెప్పాన్రా ఆయనకి. పెట్టిత్తానన్నారు" అనేవాడు నాన్న. ఆఫీసులో రాసి పెడితే ఆ చెరువుకు కరెంటు ఆపేస్తారు. అప్పుడు నాన్నకు ఆ కాపలా పని ఉండదు. అందుకని అన్నయ్య రాయలేదు. ఆ విషయం నాకు చాలా తర్వాత తెలిసింది.

వేసవి చివర, ఒక ఆదివారం. అంతకు ముందు రాత్రి ఈదురుగాలికి కొబ్బరిమట్టలు పడి లైన్లు తెగాయి. పొద్దున్నే అన్నయ్య చద్దన్నం తిని బండి మీద వెళ్ళాడు. నాన్న అంతకు ముందే చెరువు మీద ఉన్నాడు. నేనూ వదినా గుడికి వెళ్ళాం. మాది లూథరన్ చర్చి, గుడి అనే అంటాం. ఆడవాళ్ళం ఎడమ వైపు చాపల మీద కూర్చుంటాం. రెండో కీర్తన మధ్యలో ఒక మనిషి చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు. ఎవరి కోసం వెతుకుతున్నాడో నాకు వెంటనే అర్థమైపోయింది. "ఏంటండి? ఏమైందండి?" అని నేనే ముందు లేచాను.

అన్నయ్య ఆ పొద్దున ఎల్సీ తీసుకున్నాడు. సబ్‌స్టేషన్ వాళ్ళు లైన్ ఆపారు. కాలవ అవతల కొబ్బరితోటలో పెద్ద స్తంభం ఎక్కి, నడుముకు బెల్టు వేసుకుని, తెగిన తీగ లాగి కడుతున్నాడు. పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా, పని చేసే చోట తీగలకు ఒక గొలుసు తగిలించి భూమికి కలపాలని రూలు ఉంది. ఆ గొలుసు వేరే ఊరి లైన్ మీద ఉందట. అర గంట పనే కదా అని ఎక్కేశాడు.

ఇవతల చెరువులో రొయ్య తేలడం మొదలైంది. అంతకు ముందే జనరేటరు డీజిలు అయిపోయి ఆగింది. నాన్న సైకిలు మీద వెళ్ళి డబ్బాతో డీజిలు తెచ్చి పోశాడు. ఆ హడావుడిలో ఫోన్ మోగింది. ఆసామి అరుస్తున్నాడు. "ఏం చేత్తన్నావయ్యా అక్కడ? నా చెరువు సచ్చిపోతంది!" ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "ఆయ్, వేసేత్తన్నానండి, అయిపోయిందండి" అంటూ నాన్న జనరేటరు హ్యాండిల్ తిప్పాడు. అంతకు ముందు అది ఆగినప్పుడు కరెంటు వచ్చిందేమో చూద్దామని ఫ్యూజులు మళ్ళీ డబ్బాలో పెట్టాడు. అవి అక్కడే ఉన్నాయి. పీకలేదు.

జనరేటరు కరెంటు చెరువు చక్రాలతో ఆగలేదు. వెనక్కి ట్రాన్స్‌ఫార్మరులోకి ఎక్కి, అక్కడ ఎన్నో రెట్లు పెద్దదై, ఆగిపోయి ఉన్న పెద్ద లైన్‌లోకి వెళ్ళింది. జనరేటరు బరువు లాగుతున్నట్టు మూలిగిందని నాన్న తర్వాత చెప్పాడు. మూలుగు విని అనుమానం వచ్చి ఆపేశాడు. పది అంకెలు లెక్కపెట్టేంత సేపు నడిచి ఉంటుంది.

నేను వెళ్ళేసరికి అన్నయ్య ఇంకా పైనే ఉన్నాడు. బెల్టుకు వేలాడుతున్నాడు, తల వెనక్కి వాలిపోయి ఉంది. ఒక కాలి చెప్పు కింద పడి ఉంది. వెంట్రుకలు కాలిన వాసన తోటంతా పట్టేసింది. కింద ఇరవై మంది ఉన్నారు. ఒక్కడూ ఎక్కడం లేదు. లైన్‌లో ప్రాణం ఉందో లేదో ఎవరికీ తెలియదు. నేను స్తంభం మీద చెయ్యి వెయ్యబోతే ఎవరో వెనక నుంచి జుట్టు పట్టి లాగారు. వెనక్కి తిరిగి ఆ మనిషి చెయ్యి కొరికాను. ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ మనిషే నన్ను బతికించి ఉండవచ్చు.

అన్నయ్యతో పనిచేసే మరో లైన్‌మేన్ వచ్చి, రెండు వైపులా స్విచ్‌లు లాగించి, తాడు వేసి దింపాడు. కుడి అరచెయ్యి నల్లగా ముడుచుకుపోయి ఉంది. ఊపిరి ఉంది. అరటి గెలలు తోలే ఆటోలో పడుకోబెట్టాం. నా ఒళ్ళో తల, వదిన ఒళ్ళో కాళ్ళు. దారి పొడుగునా వదిన ఆ కాళ్ళు రాస్తూనే ఉంది. నేను మాత్రం డ్రైవరును, రోడ్డును, ఆ ఆదివారాన్ని, దేవుణ్ణి, నోటికొచ్చిన ప్రతిదాన్నీ తిట్టాను.

టౌన్‌లో ఆసుపత్రిలో నర్సు అన్నయ్య ఎడమచెయ్యి పట్టుకుని సూదితో వెతుకుతూ, "లైన్ దొరకట్లేదమ్మా" అంది. ఆ మాట చెవిన పడగానే నాకు పిచ్చెత్తినట్టయింది. "ఆ మాట అనకు! ఇంకో మాట లేదా నీకు?" అని ఆ పిల్ల మీదికి వెళ్ళాను. పాపం దానికేం తెలుసు. నరంలో మందు పోవడానికి పెట్టే గొట్టాన్ని వాళ్ళు అలాగే అంటారు. మూడో పోటుకు దొరికింది. నాలుగో రోజున చెయ్యి తీసేశారు.

ఆ ఆదివారం మధ్యాహ్నమే లైన్‌మేన్లు ఆరుగురు గునపాలు, కర్రలు పట్టుకుని చెరువుల మీద పడ్డారు. ఎవడి జనరేటరో తేల్చాలని. నాన్న గుడిసె ముందు మట్టిలో కూర్చుని ఉన్నాడు. అప్పటికి ఆయనకు కబురు తెలుసు. తెలిసీ ఆసుపత్రికి రాలేదు. అక్కడే ఉండిపోయాడు.

"ఎవడ్రా ఆన్ చేసింది?" అని పక్క సెక్షన్ నుంచి వచ్చిన లైన్‌మేన్ ఒకడు అరిచాడు.

"నేనేనండి. కొట్టండి" అన్నాడు నాన్న.

వాడు కర్ర ఎత్తాడు. మా అన్నయ్యను దింపిన లైన్‌మేన్ గబుక్కున ఆ కర్ర పట్టేసుకున్నాడు. "ఆగండెహె! ఆయన ఆడి నాన్న" అన్నాడు. ఎత్తిన కర్రలు దిగాయట. ఆ తర్వాత ఆ కసంతా జనరేటరు మీద చూపించారు. గునపాలతో పొడిచి, డీజిలు ట్యాంకు చీల్చి, చెరువులోకి తోసేశారు. అడ్డం వచ్చిన ఆసామి సూపర్‌వైజరును చావబాదారు, రెండు పళ్ళు ఊడాయి. నాన్న మాత్రం తల వంచుకుని అలాగే కూర్చున్నాడట. ఆయన మీద ఒక్క దెబ్బ పడలేదు. 

రెండు రోజుల తర్వాత ఆసామి ఆసుపత్రికి వచ్చాడు. ఆపిల్‌పళ్ళు తెచ్చాడు. వరండాలో నన్ను పక్కకు పిలిచి మెల్లగా, "చూడమ్మా, టీచరువి, నీకు తెలియనిదేముంది. ఆన్ చేసింది మీ నాన్నే కదా. నా పేరు లేకుండా చూడండి" అన్నాడు. నా చేతిలో క్యారేజీ ఉంది, మూడు గిన్నెల స్టీలు క్యారేజీ, నిండుగా. దాంతోనే కొట్టాను. మొదటి దెబ్బకు నుదురు చిట్లింది. రెండో దెబ్బకు మూత ఊడి పప్పుచారంతా ఆయన చొక్కా మీద పడింది. మూడోది పడేలోగా పట్టుకున్నారు. ఇవాళ రాస్తున్నాను కనక సిగ్గు పడాలేమో. పడడం లేదు. ఆ మూడోది కూడా పడి ఉంటే బాగుండేదనే అనుకుంటాను.

పోలీసు స్టేషన్లో ఎస్సై గారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. "మేడమ్, మీరు పిల్లలకి చదువు చెప్పేవారండి. కాస్త లైన్‌లో ఉండాలండి మీరు" అన్నారు. ఆ మాట అక్కడ కూడా తగిలింది. మా గుడి పెద్దలు ఒక పక్క, ఆసామి తరఫు వాళ్ళు ఇంకో పక్క కూర్చుని రెండు రోజులు వాదించుకున్నారు. చివరికి చేంజోవర్ పెట్టించనందుకు ఆయన మీద మేము పెట్టిన కేసూ, కొట్టినందుకు నా మీద ఆయన పెట్టిన కేసూ వెనక్కి తీసుకున్నాం. అది తప్పని నేను అప్పుడే అన్నాను. ఎవరూ వినలేదు.

అన్నయ్య ఇంటికొచ్చాడు. నాన్న ఆయన మంచం పక్కకు రాలేదు. గుమ్మం అవతల, అరుగు మీద కూర్చునేవాడు. మొదటి రోజే అన్నయ్య పిలిచి, "నీ తప్పేం లేదు నాన్నా. గొలుసు వేసుకోకుండా ఎక్కింది నేను. ఆఫీసులో రాయకుండా ఊరుకుంది కూడా నేనే" అన్నాడు. ఎంతో నెమ్మదిగా అన్నాడు. నాన్న మొహం ఆ మాటకు తేలికపడలేదు. పాస్టరు గారు వచ్చి తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. దేవుడు క్షమించాడన్నారు. ఊళ్ళో వాళ్ళు వచ్చి, "పాపం, ఆయన మాత్రం కావాలని చేశాడా" అన్నారు. అందరూ మంచి మాటలే చెప్పారు. నాన్న తిండి తగ్గించేశాడు.

వచ్చిన ప్రతి మనిషినీ చాటుగా అడిగేవాడు, "నన్ను ఒక్కటి కొట్టండి" అని. పాస్టరు గారిని అడిగాడు. అన్నయ్యను దింపిన లైన్‌మేన్‌ను అడిగాడు. వదిన కాళ్ళ దగ్గర కూర్చుని, "అమ్మా, నీకు హక్కుందమ్మా" అన్నాడు. ఆమె చెవులు మూసుకుని దొడ్లోకి పారిపోయింది. 

ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి దొడ్లో ఏదో దంచుతున్న చప్పుడు. వెళ్ళి చూస్తే నాన్న తన కుడిచెయ్యి రోటి అంచు మీద పెట్టి ఎడమచేత్తో పచ్చడిబండ ఎత్తి కొట్టుకుంటున్నాడు. రెండు వేళ్ళు అప్పటికే చితికిపోయాయి. మొహంలో నొప్పి లేదు. బండ లాక్కోబోతే తోసేశాడు. నేనూ తోశాను. అరవై దాటిన మనిషి, నెల రోజులుగా సరిగ్గా తిననివాడు, నాతో సమానంగా పెనుగులాడాడు. ఇద్దరం రోటి పక్కన బురదలో పడ్డాం. బండ గోడ అవతలికి విసిరేసి, ఆయన ఛాతీ మీద కూర్చుని ఏడ్చాను. ఆ రోజు నుంచి ఇంట్లో కత్తిపీట, బండ, రోకలి, అన్నీ నా గదిలో తాళం వేసి ఉంచాం. వంటకు కావలసినప్పుడల్లా వదిన వచ్చి అడిగి తీసుకునేది. నాన్నను ఒంటరిగా వదలకూడదని ముగ్గురం వంతులు వేసుకున్నాం.

ఇక నా తప్పు. స్కూళ్ళు మొదలైన కొత్త. పని ఒత్తిడి, నిద్ర లేదు, ఆ పూట కాపలా వంతు నాది. నాన్న అరుగు మీద కూర్చుని తనలో తను, "ఏం చేసానమ్మా, ఏం చేసాను" అని వందోసారి అంటున్నాడు. నాకు నోరు జారింది. "మూడు ఫ్యూజులు పీకడానికి అర నిమిషం పట్టదు నాన్నా" అన్నాను. నిజం చెప్పాలంటే అది జారడం కాదు. నెల రోజులుగా పళ్ళ వెనక పట్టి ఉంచుకున్నాను. అది బయటకు రాగానే నాకు హాయిగా కూడా అనిపించింది. నాన్న నా వైపు చూసి, అవునన్నట్టు తల ఊపాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ స్కూలుకు ఫోన్ వచ్చింది. చెరువుల వైపు పశువులు మేపుకునే ఒకావిడ. "టీచరు గారండీ, మీ నాన్నగారు చెరువు కాడ ట్రాన్స్‌ఫారం ఎక్కుతున్నారండి. పిలుత్తుంటే పలకట్లేదండి." వదిన బట్టలు ఆరేస్తుండగా నాన్న దొడ్డిదారిన వెళ్ళిపోయాడు. నేను స్కూటీ తీశాను. ఇల్లు దారిలోనే. హారన్ మోత విని అన్నయ్య బయటికి వచ్చాడు. మాట చెప్పగానే వెనక ఎక్కి కూర్చున్నాడు. ఒక చేత్తో ఫోన్ పట్టుకోవాలంటే నన్ను పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. నా వీపుకు మొహం ఆనించి, ఎడమచేత్తో సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, మా ఫీడరు లైన్ ఆపెయ్. ఇప్పుడే ఆపెయ్. మా నాన్న లైన్ మీద ఉన్నాడు."

కాసేపు అవతలి గొంతు. "ఎల్సీ ఇచ్చారు. పోనీ, పోనీ" అన్నాడు నాతో. ఆ గట్టు మీద అంత వేగంగా నేను మళ్ళీ ఎప్పుడూ బండి నడపలేదు.

కరెంటు ఆగింది. దాంతో చుట్టూ చెరువుల మీద చక్రాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ వెంటనే ఒక్కో గుడిసె నుంచి ఒక్కో జనరేటరు దగ్గుతూ మొదలైంది. అన్నయ్య చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. ఆ చెరువుల్లో ఎన్నింటికి చేంజోవర్ ఉందో, ఎన్నింటికి లేదో మా ఇద్దరికీ తెలియదు. ఏ ఒక్కడు ఫ్యూజులు పీకడం మరిచినా నాన్న పట్టుకోబోయే తీగకు మళ్ళీ ప్రాణం వస్తుంది.

మేము చేరేసరికి నాన్న రెండు స్తంభాల మధ్య ఇనుప గద్దె మీద నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి పైకి చాచి ఉంది, చితికిన వేళ్ళకు వదిన కట్టిన గుడ్డ కట్టుతో సహా. నేను అరిచాను. అన్నయ్య అరవలేదు. స్తంభం మొదట్లో స్విచ్ హ్యాండిల్ ఉంటుంది, అది లాగితే పై లైన్‌కూ ట్రాన్స్‌ఫార్మరుకూ సంబంధం తెగిపోతుంది. ఎడమచేత్తో పట్టుకుని, ఒంటి బరువంతా వేసి వేలాడాడు. కదల్లేదు. నేనూ వెళ్ళి దాని మీద పడ్డాను. తుప్పు కరకరమని అది కిందికి దిగింది. సరిగ్గా అప్పుడే నాన్న చెయ్యి తీగ మీద పడింది.

ఏమీ కాలేదు. 

నాన్న తీగ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒకసారి వదిలి మళ్ళీ పట్టుకున్నాడు. చావడం కూడా చేతకాలేదన్నట్టు దాని వైపు చూశాడు. 

"దిగు నాన్నా" అన్నాడు అన్నయ్య.

దిగాడు. కిందికి వచ్చి అన్నయ్య ముందు నిలబడ్డాడు. నేను దగ్గరకు వెళ్ళబోతే అన్నయ్య మొండిచెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. అన్నయ్య మొహం అలా ఉండడం నేను ముప్పై ఏళ్ళలో చూడలేదు. కట్టేసి కొట్టిన రోజున కూడా చూడలేదు.

"ఎందుకు పీకలేదు?" అన్నాడు.

ఎవరూ అడగలేదు ఆ మాట. క్షమించినవాళ్ళు అడగలేదు, జాలిపడ్డవాళ్ళు అడగలేదు. నేను దెప్పానే గాని అడగలేదు.

నాన్న పెదవులు కదిలాయి. "రొయ్యలు సచ్చిపోతన్నాయిరా" అన్నాడు. "ఆయనేమో పోన్లో అరుత్తన్నారు. నాకు రొయ్యలే కనపడ్డాయిరా. నువ్వు గురుతు రాలేదు."

అన్నయ్య కొట్టాడు. ఎడమచెయ్యి, అలవాటు లేని చెయ్యి. మొదటిది చెవి మీద పడింది. రెండోది చెంప మీద సరిగ్గా, ఫెళ్ళున పడింది. నాన్న కింద కూలబడ్డాడు. అన్నయ్య వంగి చొక్కా పట్టుకుని లేపి, "నా చెయ్యి పోయింది నాన్నా!" అని గట్టుగట్టంతా వినపడేలా అరిచి మళ్ళీ కొట్టాడు. "గురుతు రాలేదా? నేను గురుతు రాలేదా నీకు?" ఇంకా కొట్టాడు. నేను ఆపలేదు. ఎన్ని పడ్డాయో లెక్కపెట్టలేదు. చివరికి చెయ్యి ఆడక, నాన్న భుజం మీద తల వాల్చేసి, గొడ్డు అరిచినట్టు ఏడ్చాడు. చెయ్యి పోయినప్పుడు ఏడవని మనిషి. నాన్న రెండు చేతులతో అన్నయ్య వీపు పట్టుకుని, "కొట్టు నాయనా, కొట్టు" అంటున్నాడు.

తండ్రిని కొట్టడం పాపమని నాకు చిన్నప్పటి నుంచి గుళ్ళో నేర్పారు. నేను నమ్ముతాను. ఆ రోజు జరిగింది పాపమే అయితే దాన్ని చూస్తూ నిలబడ్డ పాపం నాది, దానికి జవాబు నేనే చెప్పుకుంటాను.

అన్నయ్య కళ్ళు తుడుచుకుని ఫోన్ చేసి లైన్ వదలమన్నాడు. ముగ్గురం స్కూటీ మీదే ఇంటికి వచ్చాం, నాన్న మధ్యలో. వదిన గుమ్మంలో నిలబడి, నాన్న మొహం చూసి, లోపలికి వెళ్ళి కంచాలు పెట్టింది. ముద్దపప్పు, వంకాయ కూర. నాన్న అరుగు మీదికి పోకుండా లోపలికి వచ్చి అన్నయ్య పక్కన కూర్చున్నాడు. చెంప వాచిపోయి, ఒక పక్కే నములుతూ, రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.